మామిడిటెంక బొగ్గుపెట్టె

తిరుపతిలో ఒక కాలేజీలో రసాయనశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా పదమూడేళ్ళు పనిచేసి, పదమూడేళ్ళ తర్వాత కూడా డిమాన్‌స్ట్రేటరుగానే మిగిలిన ఘనత గంగాధరానిది. డిమాన్‌స్ట్రేటరు అంటే లెక్చరరు చెప్పినదాన్ని చేసి చూపించేవాడు. అది జరిగితే గొప్ప చెప్పినవాడిది, జరక్కపోతే తప్పు చూపించినవాడిది. ఈ ఏర్పాటు లోకంలో చాలాచోట్ల ఉన్నదే కాబట్టి గంగాధరం దాని మీద ప్రత్యేకంగా కోపం పెట్టుకోలేదు. కోపాన్నంతా 1978 అక్టోబరు దాకా పొదుపుగా దాచుకున్నాడు. ఆ తర్వాత అది మొత్తం ఒక బొగ్గుపెట్టె మీద ఖర్చయింది.

ఆయన పుట్టింది చిత్తూరులో, కంసాలి కుటుంబంలో. నాయన, తాత, ముత్తాత అందరూ రాగి మీద బంగారు పూత వేసినవాళ్ళే. అన్న మునస్వామి ఆచారి వాళ్ళ కుంపటి ముందు కూర్చున్నాడు. గంగాధరం బడికి వెళ్ళాడు. ఇద్దరిలో దారి తప్పింది ఎవరనే విషయంలో ఇంట్లో భిన్నాభిప్రాయం లేదు.

బంగారు పూత చెప్పుకోవడానికి సులభమైన పని. మేలిమి బంగారాన్ని పలచని రేకుగా కొట్టి పాదరసంలో వేసి నూరితే వెన్నలాంటి ముద్ద అవుతుంది. దాన్ని తోమిన రాగి మీద కుంచెతో పూసి బొగ్గుల సెగ మీద పట్టాలి. పాదరసం ఎగిరిపోతుంది, బంగారం అంటుకుని నిలిచిపోతుంది. తర్వాత మెరుగురాయితో రుద్దితే దేవుడికి సరిపడా మెరుపు వస్తుంది. ఎగిరిపోయిన పాదరసం ఎక్కడికి పోతుందని మాత్రం ఆ ఇంట్లో నాలుగు తరాలుగా ఎవరూ అడగలేదు. పోయినదాని గురించి ఆరా తీయడం మర్యాద కాదు.

ఆ మధ్య పరిశ్రమల శాఖ వాళ్ళు వచ్చి, రెండు కుంపట్లూ ఒక చాపా ఉన్న ఆ వసారాను చూసి, కుటీర పరిశ్రమగా నమోదు చేసి, పటం కట్టించుకోదగ్గ కాగితం ఒకటి ఇచ్చి వెళ్ళారు. మునస్వామి దాన్ని నిజంగానే పటం కట్టించి వినాయకుడి పక్కన తగిలించాడు. పరిశ్రమ అన్నాక పొగగొట్టం ఉండాలని ఎవరో అంటే రేకు గొట్టం ఒకటి కట్టించాడు. అది సరిగ్గా చూరు దాకా లేచి ఆగింది. కుంపటి నుంచి బయల్దేరిన పొగ గొట్టంలో పైకి వెళ్ళి, వీధిని ఒకసారి చూసి, కిటికీలోంచి మళ్ళీ ఇంట్లోకే వచ్చేది.

ఆ అక్టోబరులో ఒక శనివారం గంగాధరం ఎప్పటిలాగే పాకాల మీదుగా వచ్చే రైల్లో చిత్తూరు వచ్చాడు. వదిన రుక్మిణమ్మ కాఫీ తెచ్చింది. మరిదికి గ్లాసు ఇచ్చింది. మొగుడికి మాత్రం గ్లాసు కింద పళ్ళెం పెట్టి ఇచ్చింది.

"పళ్ళెం ఎందుకు వదినా?" అన్నాడు గంగాధరం.

"మీ అన్న సేతుల్ని అడుగు, సెప్తాయి."

మునస్వామి గ్లాసు ఎత్తాడు. అది నోటి దాకా వెళ్ళేలోపు కొంత కాఫీ పళ్ళెంలో పడింది. గంగాధరం వృత్తిరీత్యా ద్రవాలను కంటితో కొలవగలవాడు. పది మిల్లీలీటర్లు అనుకున్నాడు.

"వయసప్పా, వయసు," అన్నాడు మునస్వామి.

"నలభై ఆరేండ్లకు ఏం వయసు?" అంది రుక్మిణమ్మ. "మా నాయన డెబ్బైయేండ్లప్పుడు సూదిలోకి దారం ఎక్కించినాడు."

"మీ నాయనకు నీ మాదిరి పెండ్లాం లేదు. అదీ తేడా."

గంగాధరం నవ్వలేదు. అన్న చిగుళ్ళు వాచి ఉన్నాయి. మాటమాటకీ ఉమ్మి మింగుతున్నాడు. పది అంకె వేయమంటే సున్నను కోడిగుడ్డులాగా పెట్టాడు. మరుసటి వారమే తమ్ముడు అన్నను వేలూరులో ఒక డాక్టరుకు చూపించాడు. డాక్టరు అన్నీ విని, ఇది వయసు కాదు పాదరసం అన్నాడు. ఆ పొగ ఇంక లోపలికి పోకుండా ఉంటే కొన్ని నెలల్లో చేతులు కుదురుకోవచ్చు, పోతూనే ఉంటే కుంచె పట్టే చెయ్యి రేపు అన్నం ముద్ద కూడా పట్టలేదు అన్నాడు.

"పని నిలిపెయ్యన్నా," అన్నాడు గంగాధరం, తిరుగు బస్సులో.

"నిలిపితే మకరతోరణం ఎవరు సేస్తారు? నీ డాక్టరా?"

పాకాల దగ్గర ఒక ఊళ్ళో అమ్మవారి గుడికి రాగి మకరతోరణం తయారవుతోంది. దానికి బంగారు పూత వేసిస్తానని మునస్వామి మాట ఇచ్చాడు. వైశాఖంలో ప్రతిష్ఠ. ఆ పని తెలిసిన చెయ్యి జిల్లాలో ఇంకొకటి లేదు. ఉన్న ఆ ఒక్కటీ వణుకుతోంది. కాబట్టి పనిని ఆపకుండా పొగను ఆపాలి. ఈ చిన్న బాధ్యత గంగాధరం మీద పడింది.

పొగను పట్టే వస్తువు లోకంలో ఉందన్న సంగతి ఆయనకు మొదట తెలిసింది పుస్తకంలో కాదు, అన్న బుగ్గలో. ఆ ఇంటి మగవాళ్ళు పూత పని చేసేటప్పుడు ఒక బంగారు గుండును బుగ్గన పెట్టుకుంటారు. అది తాతల నాటి ఆచారం. పని ముగిశాక మునస్వామి దాన్ని బయటికి తీశాడు. పొద్దున పసుపుగా లోపలికి వెళ్ళిన గుండు వెండిలా తెల్లబడి వచ్చింది. గంగాధరం దాన్ని అరచేతిలో వేసుకుని, కుర్రతనంలో వందసార్లు చూసినదాన్నే ఇప్పుడు మొదటిసారి చూసినట్టు చూశాడు. నోట్లోకి వచ్చిన పాదరసంలో కొంత ఆ బంగారం పట్టేసుకుంది. తాత సగం శాస్త్రం కనిపెట్టాడు.

మిగతా సగం వంటింట్లో జరుగుతోందని ఆయనకు ఒక నిమిషం తర్వాత తెలిసింది. రుక్మిణమ్మ ఆ గుండును గరిటెలో వేసి పొయ్యి మీద పెట్టింది.

"వదినా! ఏం చేస్తా ఉండావు?"

"తెల్లగా ఉంటే రేపు మళ్ళీ బుగ్గన ఎట్ల పెట్టుకుంటాడు? కాలిస్తే పచ్చగా అవుతాది. మా అత్త నేర్పించింది."

"ఆ తెలుపే పాదరసం. దాన్ని నువ్వు ఇంట్లోకి వదిలిపెడతా ఉండావు!"

రుక్మిణమ్మ చుట్టూ చూసింది. "యాడ? నాకేం కనపళ్ళేదే."

"కనపడదు."

"కనపడనిదాన్ని తిట్టేదానికి నీకు కాలేజీలో జీతం ఇస్తారా గంగాధరా?"

పగలల్లా మొగుడు కష్టపడి బుగ్గన పట్టినదాన్ని ఇల్లాలు సాయంకాలం పప్పు ఉడికేలోపు తిరిగి గాలిలో కలిపేస్తోంది. ఇరవై రెండేళ్ళుగా ఈ దాంపత్యం ఇలా సాగుతోంది.

గొట్టం లోపలంతా బంగారం తాపడం చేయించే స్తోమత కుటీర పరిశ్రమకు లేదు. గంగాధరం లైబ్రరీలో కూర్చుని వెతికాడు. గట్టి టెంకలను కాల్చిన బొగ్గులో కంటికి కనపడని రంధ్రాలు లెక్కలేనన్ని ఉంటాయనీ, ఆ బొగ్గుకు గంధకం పట్టిస్తే లోపలికి వచ్చిన పాదరసం గంధకంతో కలిసిపోయి అక్కడే ఉండిపోతుందనీ, మామూలు వేడికి వదలదనీ ఒక పుస్తకంలో ఉంది. చేసే పద్ధతి మాత్రం లేదు. పుస్తకాలు లెక్చరర్ల లాంటివి.

కొబ్బరి చిప్పలు మంచివని ఉంది. తిరుపతిలో కొబ్బరికాయలు కొట్టని రోజు లేదు గానీ, కొట్టిన ప్రతి చిప్పకూ ముందే ఒక కంట్రాక్టరు ఉన్నాడు. కంట్రాక్టరు లేని టెంక ఏదని ఆలోచిస్తే బంగారుపాళ్యం గుర్తొచ్చింది. అక్కడ మామిడిగుజ్జు తీసే ఫ్యాక్టరీ వెనక వేసవిలో పారేసిన టెంకలు గుట్టలుగా ఎండిపోయి ఉన్నాయి. కాపలాదారు వాటిని తీసుకుపొమ్మనడమే కాక దండం కూడా పెట్టాడు. గంగాధరం రెండు గోనెసంచులతో బస్సెక్కాడు.

"ఏందివి?" అన్నాడు కండక్టరు.

"మామిడి టెంకలు."

"నాటేదానికా?"

"కాల్చేదానికి."

కండక్టరు ఆ సీటులో మిగిలిన ఇద్దరినీ లేపి వేరేచోట కూర్చోబెట్టాడు.

టెంకలను మూత బిగించిన డబ్బాలో కాల్చడం ఒక పని. ఆ బొగ్గును గంధకం పొడితో కలిపి మళ్ళీ మూత వేసి వేడి చేయడం ఇంకొక పని. రెండూ తిరుపతిలో ఆయన అద్దె ఇంటి పెరట్లోనే జరిగాయి. భార్య పంకజాక్షి మూతలున్న పాత్రలన్నీ ఒకటొకటిగా శాస్త్రానికి సమర్పించుకుని, చివరికి సంగటి కుండకు పళ్ళెం బోర్లించి వండింది. పక్కింటివాళ్ళు ఈయన దీపావళి టపాకాయలు దొంగతనంగా చేస్తున్నాడని ఇంటి యజమానికి చెప్పారు. యజమాని వచ్చి వాసన చూసి, చేసేదేదో సంక్రాంతి లోపల ముగించమన్నాడు.

ఆ బొగ్గును ఒక రేకు పెట్టెలో నింపి చిత్తూరులో అన్న పొగగొట్టానికి తగిలించాడు. మొదటిసారి బొగ్గు మరీ మెత్తగా పొడి అయింది. పొగ దారి దొరక్క వెనక్కి వచ్చి వసారా నిండింది. రెండోసారి ముక్కలు పెద్దవయ్యాయి. పొగ వాటిని పలకరించనైనా పలకరించకుండా మధ్యలోంచి వెళ్ళిపోయింది. మూడోసారి కందిగింజ పరిమాణంలో దంచి, జల్లించి, సరిగ్గా నింపాడు. గొట్టంలోంచి వచ్చిన వేడికి బొగ్గే అంటుకుంది. బొగ్గు అంటుకోవడంలో వింత లేదు. దాని పుట్టుకే అందుకు.

మునస్వామి మండుతున్న పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "ముందు రెండు కుంపట్లు ఉండె. ఇప్పుడు మూడు. పరిశ్రమ పెరిగిందప్పా," అన్నాడు.

గంగాధరం నాలుగోసారి గొట్టాన్ని వంకర తిప్పి పొడుగు చేశాడు. దాని చుట్టూ తడిపిన గోనెపట్ట చుట్టాడు. పొగ చల్లబడి పెట్టెలోకి వచ్చింది. దాన్ని బొగ్గులోంచి లాగడానికి చివర చేత్తో తిప్పే చక్రం పంకా ఒకటి, కమ్మరి కొట్టంలో పాతది, తెచ్చి బిగించాడు. తిప్పే పని రుక్మిణమ్మకు వచ్చింది. తిప్పుతూ మరిదిని తిట్టేది. కొన్నాళ్ళకు తిట్టుకూ తిప్పుడుకూ లయ కుదిరింది.

పెట్టె పనిచేస్తోందో లేదో చెప్పడానికి ఒక సాక్షి కావాలి. గంగాధరం అన్న బుగ్గలోని గుండును అడిగి తీసుకుని, పెట్టె దాటిన పొగ తగిలే చోట రాగితీగతో వేలాడదీశాడు. అది పసుపుగా ఉన్నంతకాలం పాదరసం బొగ్గులోనే ఆగుతున్నట్టు. తెల్లబడితే బొగ్గు నిండినట్టు. అప్పుడు పాత బొగ్గును తీసి ఒక పింగాణీ జాడీలో పోసి, మూతకు మట్టి పూసి మూసెయ్యాలి. కొత్త బొగ్గు నింపాలి. జాడీని ఎవరూ ముట్టుకోకూడదు. నిండాక తానే తీసుకెళ్ళి సిమెంటు పోసి పాతిపెడతాడు. ఇదంతా అన్నకు మూడుసార్లు చెప్పాడు, వదినకు నాలుగుసార్లు చెప్పాడు.

"తాత బుగ్గన పెట్టుకున్న గుండును పొగలో వేలాడదీసినావు," అన్నాడు మునస్వామి. అలవాటు తప్పిన బుగ్గలో ఆ రోజు నుంచి వక్కపలుకు పెట్టుకున్నాడు.

డిసెంబరంతా గుండు పసుపుగానే ఉంది. జనవరిలో ఒకసారి తెల్లబడితే బొగ్గు మార్చి, గుండును ఆరుబయట కాల్చి పసుపు చేసి మళ్ళీ వేలాడదీశారు. ఫిబ్రవరిలో ఇంకోసారి. పళ్ళెంలో కాఫీ పది మిల్లీలీటర్ల నుంచి ఏడుకు, ఏడు నుంచి అయిదుకు దిగింది. గంగాధరం ఈ అంకెలను ఎవరికీ చెప్పలేదు. రైల్లో కూర్చుని నోటుబుక్కులో రాసుకుని, రాసినదాన్ని పాకాల దాకా చూసుకుంటూ వెళ్ళేవాడు. పదమూడేళ్ళలో ఆయన చేసి చూపించినవాటిలో ఎవరూ ముందుగా చెప్పనిది ఇదొక్కటే.

మార్చిలో కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు వచ్చాయి. మూడు శనివారాలు చిత్తూరు వెళ్ళడం కుదరలేదు. ఆ మూడో వారంలో ఉగాది వచ్చింది. ఉగాదికి ముందురోజు చెంగల్రాయుడు వచ్చాడు.

చెంగల్రాయుడు బూడిద కడిగేవాడు. కంసాలి కుంపట్ల బూడిదను నీవా నది ఒడ్డుకు తీసుకెళ్ళి, కాల్చవలసినది కాల్చి, కడిగి, జల్లించి, దాంట్లో చిక్కుకున్న బంగారు రవ్వలను ఏరుకోవడం అతని వృత్తి. మునస్వామి కుంపటి బూడిద అతని కుటుంబానిది. అతని తాతా మునస్వామి తాతా చేతిలో చెయ్యి వేసి చేసుకున్న ఒప్పందం అది. కాగితం లేదు, కాబట్టి చించడానికి వీల్లేదు. బూడిద, నేల ఊడ్చిన దుమ్ము, పగిలిన మూసలు, అరిగిన కుంచెలు, చివరికి ఆచారి కూర్చున్న చాప కూడా చిరిగాక చెంగల్రాయుడిదే. ఏడాదికొకసారి ఉగాది ముందు వచ్చి అన్నీ ఎత్తుకుపోతాడు. ప్రతిగా బంగారు రవ్వల్లో ఒక వంతు ఇంటికి తెచ్చిస్తాడు. అరవై ఏళ్ళుగా రెండు వైపులా ఎవరూ మాట తప్పలేదు.

చాప చుట్టి చంకన పెట్టుకున్నాక అతని చూపు మూలనున్న జాడీ మీద పడింది.

"ఆచారీ, ఇదేంది?"

"మా తమ్ముడిది. ముట్టుకోవద్దన్నాడు."

"మూతకు మట్టి మెత్తినాడే! బంగారం లేంది మట్టి ఎందుకు మెత్తుతారు సామీ?"

"బంగారం లేదబ్బా. బొగ్గు."

"యాడి బొగ్గు?"

"పొగగొట్టంలోది."

"పొగ యాడిది?"

"కుంపటిది."

"కుంపటిదైతే నాదే గదా!"

మునస్వామి ఈ తర్కంలో లోపం కోసం నిజాయితీగా వెతికాడు. కనపడలేదు. జాడీ ముట్టుకోవద్దని తమ్ముడు చెప్పింది నాలుగు నెలల కిందట. కుంపటిది చెంగల్రాయుడిదని తాత చెప్పింది అరవై ఏళ్ళ కిందట. మాట తప్పిన ఇల్లని పేరు రావడం కంటే తమ్ముడితో నాలుగు మాటలు పడటం నయం. జాడీ ఇచ్చాడు. ఇచ్చాక, ఒక భాగం ఇచ్చి ఒక భాగం దాచుకోవడం ధర్మం కాదని తోచి, పెట్టెలో ఉన్న బొగ్గును కూడా తీసి సంచిలో పోశాడు.

ఉగాది మధ్యాహ్నం గంగాధరం వచ్చేసరికి మూల ఖాళీగా ఉంది. పెట్టె ఖాళీగా ఉంది. పండగ పూట కూడా మునస్వామి తోరణానికి సెగ పెడుతున్నాడు. రుక్మిణమ్మ ఖాళీ పెట్టెలోంచి పొగను శ్రద్ధగా తిప్పి వీధిలోకి పంపుతోంది. తీగకు వేలాడుతున్న గుండు ముత్యంలా తెల్లగా ఉంది.

"జాడీ యాడ?"

"రా, కాళ్ళు కడుక్కో. ఉగాది పచ్చడి తిను," అంది రుక్మిణమ్మ.

"జాడీ యాడ వదినా!"

విన్నాడు. పచ్చడి తినకుండానే చెప్పులు వేసుకున్నాడు. ఆ ఏడాది చేదు ఆయనకు వేరే దారిలో అందింది.

నీవా ఒడ్డున చెంగల్రాయుడి గుడిసె ముందు వెడల్పాటి ఇనుప బాణలిలో బొగ్గు మండుతోంది. బొగ్గు బొగ్గుగా ఉంటే కడగడానికి పనికిరాదు, కాల్చి బూడిద చెయ్యాలి. అతని భార్య సిద్ధమ్మ తాటాకు విసనకర్రతో విసురుతోంది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. మంట నీలంగా ఉంది. గంధకం కంపు రోడ్డు దాకా వస్తోంది.

"ఆపండి! ఆపమ్మా, ఇవతలికి రా!" గంగాధరం సిద్ధమ్మను చెయ్యి పట్టి గాలి వచ్చే వైపుకు లాగాడు. రెండు చేతులా ఇసుక ఎత్తి బాణలిలో పోశాడు.

"ఏం ఐవోరా, మంచిగా మండే దాంట్లో మన్ను పోస్తా ఉండారు?" అన్నాడు చెంగల్రాయుడు. "అయినా మీ బొగ్గు దొంగబొగ్గు. పొద్దున్నించి కాలుస్తా ఉండాము. జాడీ అంతా అయిపోయింది. ఇది కడాపటి బాణలి. ఒక్క రవ్వ లేదు."

"దాంట్లో బంగారం లేదయ్యా! పాదరసం! నాలుగు నెలలు పట్టి పెట్టిన పాదరసం!"

"పాదరసమా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బూడిదలోని బంగారు రవ్వలను ఏరడానికి చెంగల్రాయుడు వాడేది పాదరసమే. తడి బూడిదలో నాలుగు చుక్కలు వేసి పిసికితే అది రవ్వలన్నింటినీ తనలోకి లాక్కుంటుంది. దాన్ని అతను వేలూరుకు పోయి చిన్న సీసాలో తెచ్చుకుని, ప్రాణంలా దాచుకుని, పిసికిన ప్రతిసారీ గుడ్డలో పిండి చుక్క పోకుండా వెనక్కి తీసుకుంటాడు.

"ఎంత ఉండె?" అన్నాడు, గొంతు తగ్గించి.

"మా అన్న కుంపటి నుంచి లేచిందాంట్లో ముప్పాతిక."

చెంగల్రాయుడు తల ఎత్తి ఆకాశం చూశాడు. పాకాలలో టీ తాగడానికి దిగినవాడు కదిలిపోయిన రైలును చూసినట్టు చూశాడు.

"ముందే సెప్పకూడదా ఐవోరా!" అన్నాడు చివరికి. "మట్టి మెత్తే బదులు నాకు ఒక్క మాట సెప్పుంటే, నేనెందుకు కాలుస్తాను?"

గంగాధరం అన్నకు చెప్పాడు. వదినకు చెప్పాడు. డాక్టరుకు, లైబ్రరీవాడికి, ఇంటి యజమానికి, బస్సు కండక్టరుకు కూడా చెప్పాడు. ఆ కుంపటి నుంచి వచ్చేదానికి అరవై ఏళ్ళుగా హక్కుదారు ఎవరో ఆ మనిషికి మాత్రం చెప్పలేదు. చిన్నప్పటి నుంచి ప్రతి ఉగాదికీ ఆ మనిషి చాప ఎత్తుకుపోవడం చూస్తూ పెరిగినవాడు! ప్రయోగశాలలో పదమూడేళ్ళుగా వాడని మాటలు కొన్ని ఆయన నోటినుంచి వచ్చాయి. ఆయన తనను తిట్టుకుంటున్నాడో తమను తిడుతున్నాడో తెలియక ఆలుమగలిద్దరూ మర్యాదగా విన్నారు.

తిట్లు అయ్యాక చెంగల్రాయుడు అడిగాడు. "ఈ తూరి ఆ జాడీ నిండితే, దాన్ని బయటికి తీసే దారి ఉండాదా?"

దారి ఉంది. బొగ్గుకు సున్నం కలిపి, ఒక చివర మూసిన ఇనుప గొట్టంలో కూరి, రెండో చివరను వంచి నీళ్ళ మీదికి దించి కాలిస్తే, పాదరసం పొగగా లేచి, చల్లబడి, చుక్కలుగా నీళ్ళలోకి దిగుతుంది. గంగాధరం దీన్ని చెప్పాలని అనుకోలేదు. సిమెంటు పోసి పాతిపెట్టాలన్నది ఆయన పథకం. కానీ చెంగల్రాయుడి కళ్ళు చూశాక, పాతిపెట్టినది వచ్చే ఉగాదికి పైకి వస్తుందని అర్థమైంది. షరతులు పెట్టాడు. నది ఒడ్డునే కాల్చాలి. గాలి వీపుకు ఉండాలి. సిద్ధమ్మ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. తాను పక్కన లేకుండా నిప్పు పెట్టకూడదు.

"అట్లే ఐవోరా," అన్నాడు చెంగల్రాయుడు. "మరి పెట్టెలోకి బొగ్గు ఎప్పుడు పోస్తారు? మీ అన్న ఆడ ఊరకే వదిలిపెడతా ఉండాడు గదా, నాది!"

ఆ 'నాది' అన్న మాట గంగాధరానికి ఆ క్షణాన సరిగ్గా వినపడలేదు. మరుసటి శనివారం వినపడింది. కొత్త బొగ్గు సంచితో వచ్చేసరికి చెంగల్రాయుడు వసారాలో ఉన్నాడు. గొట్టం అతుకులన్నింటికీ తడిమట్టి మెత్తాడు. ఎక్కడ పొగ కారుతోందో చూడటానికి ఊదుబత్తి వెలిగించి ప్రతి సందు దగ్గరా పట్టుకుంటున్నాడు. గంగాధరానికి ఆరు నెలల్లో తోచని పద్ధతి అది.

అప్పటినుంచి అతను రోజూ వచ్చాడు. మునస్వామి సెగ సరిగ్గా కనపడలేదని కుంపటి మీద పొగను గొట్టంలోకి మళ్ళించే రేకు గొడుగును పైకెత్తితే దించేవాడు. గోనెపట్ట ఆరితే తడిపేవాడు. గుండు మీద కాస్త తెలుపు కనిపిస్తే కాకిలా అరిచేవాడు. ఒకనాడు రుక్మిణమ్మ చెయ్యి నొప్పి పుట్టి చక్రం ఆపింది.

"తిప్పమ్మా, తిప్పు! నాది పోతా ఉండాది!"

"నీదేందయ్యా? అది పోయేది మా ఆయన ముక్కులోకి."

"కుంపటి నుంచి లేసింది ఏదైనా నాదే తల్లీ. మీ ఆయన పీల్చుకోవచ్చని ఒప్పందంలో లేదు."

రుక్మిణమ్మ చెయ్యి మార్చి మళ్ళీ చక్రం తిప్పింది.

మునస్వామి వేలూరు డాక్టరు చేతులు పోతాయంటే వినలేదు. తమ్ముడు శాస్త్రం చెబితే వినలేదు. పరాయివాడి సొత్తు ముక్కులోకి వెళుతోందనగానే తల పక్కకు తిప్పుకుని ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నాడు. మాట తప్పిన ఇల్లు కాదు గదా అది.

ఏప్రిల్ చివర ఈ కొత్త పద్ధతిలో మొదటి జాడీ కాల్చారు. నీళ్ళ అడుగున ఉసిరికాయంత పాదరసం చేరింది. చెంగల్రాయుడు దాన్ని సీసాలోకి వొంపుకుని, ఒప్పందం ప్రకారం ఇంటివాళ్ళ వంతు తెచ్చి మునస్వామికి ఇచ్చాడు. మునస్వామి దాన్ని బంగారంలో నూరి తోరణానికి పూశాడు. అది ఎగిరింది. మళ్ళీ దొరికింది. తోరణం వైశాఖంలో పాకాల దారి పట్టింది. రెండు మకరాల కళ్ళ చుట్టూ గీతలు వెంట్రుకంత సన్నగా, ఎక్కడా చెదరకుండా ఉన్నాయని చూసినవాళ్ళు చెప్పారు.

జూన్‌లో ఒక శనివారం గంగాధరం, కొత్త పంట టెంకల కోసం తెచ్చుకున్న ఖాళీ గోనెసంచులు పక్కన పెట్టుకుని, వసారాలో కూర్చున్నాడు. రుక్మిణమ్మ కాఫీ తెచ్చింది. మునస్వామి గ్లాసు ఎత్తాడు, తాగాడు, దించాడు. గంగాధరం పళ్ళెం చూశాడు. పొడిగా ఉంది. ఒంగి మళ్ళీ చూశాడు.

"పళ్ళెం కల్లా ఏం సూస్తా ఉండావు?" అన్నాడు మునస్వామి.

"ఏం లేదన్నా."

"ఆ పెట్టె వచ్చినప్పట్నించి పొగ సరిగ్గా లేసేది లేదప్పా. నాకైతే ఎప్పుడో పీకేయాలని ఉండాది. చెంగల్రాయుడు నొచ్చుకుంటాడని ఊరకుండా. వాడి పెట్టె గదా."

"వాడి పెట్టె?"

"మరి? వీధంతా అట్లే అంటారు. మంచి పని కనిపెట్టినాడు, సదువులేనోడైనా."

గంగాధరం గ్లాసు అందుకున్నాడు. చెయ్యి వణికింది. అది పాదరసం వణుకు కాదు. దీన్ని పట్టే బొగ్గు ఏ టెంకలోంచీ రాదు. ఆయన కంటి కొలత ప్రకారం పన్నెండు మిల్లీలీటర్ల కాఫీ నేల మీద పడింది.

"నీకూ వయసొచ్చిందా గంగాధరా?" అంది రుక్మిణమ్మ. మొగుడి ముందునుంచి పళ్ళెం తీసి, కొంగుతో ఒకసారి తుడిచి, మరిది గ్లాసు కింద పెట్టింది.